పేరు నచ్చకపోతే... నిజం చెప్పాలా?

స్నేహితురాలు బిడ్డకు పెట్టబోయే పేరు చెప్పి ‘ఎలా ఉంది?’ అని అడుగుతుంది. మనకేమో అస్సలు నచ్చదు. ఉన్నమాట చెప్పాలా, బాగుందని నవ్వి ఊరుకోవాలా? పైకి ఇది చిన్న మర్యాద విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఆ ప్రశ్న ఏ రోజున, ఎవరి నోటి నుంచి వస్తోందో చూస్తే ఆరోగ్యానికి సంబంధించిన విషయమని అర్థమవుతుంది.

ఏడేళ్ల కిందటి మాట. ఇంటర్ నుంచీ నాకు ప్రాణ స్నేహితురాలైన ఒకామె పుట్టింట్లో బాలింతగా ఉంది. కాన్పు అయిన అయిదో రోజు రాత్రి నాకు ఫోన్ చేసింది. ‘‘బాబుకి కోటయ్య అని పెడదామనుకుంటున్నామే. ఎలా ఉంది? నువ్వైనా నిజం చెప్పు’’ అంది.

నేను నిజమే చెప్పాను. ‘‘ఈ రోజుల్లో కోటయ్య ఏంటే! రేపు ఇంగ్లిష్ మీడియం బడిలో వాణ్ని ఏడిపించి చంపుతారు’’ అని నవ్వాను. అటు నుంచి నవ్వు వినపడలేదు. ‘‘సర్లే, వాడు లేచాడు’’ అని ఫోన్ పెట్టేసింది. రోజంతా వార్డులో పని చేసి అలసిపోయి ఉన్నానేమో, ఆ సంగతి అంతటితో మర్చిపోయాను.

నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. ‘‘ఏమన్నావమ్మా దాన్ని? ఆ రోజు నుంచి సరిగా తినట్లేదు. పేరు మాట ఎత్తితే చాలు కళ్లనీళ్లు పెట్టుకుంటోంది’’ అన్నారు. అప్పుడు తెలిసింది. అంతకుముందు రెండుసార్లు ఆమెకు గర్భం నిలవలేదు. రెండోసారి పోయాక నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ ఎక్కి, బిడ్డ దక్కితే స్వామి పేరే పెట్టుకుంటానని మొక్కుకుంది. ఆ రెండు గర్భస్రావాల సంగతి నాకు తెలుసు. రిపోర్టులు కూడా నేనే చూశాను. హిమోగ్లోబిన్ ఎంతో, థైరాయిడ్ ఎంతో నాకు గుర్తుంది. మొక్కు సంగతి మాత్రం నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద చాలా ఆలోచించాను. నిజం చెప్పడం తప్పు కాదు. ఏ నిజం, ఏ రోజున, ఎవరి కోసం చెబుతున్నాం అన్నదే ముఖ్యం. ఈ మూడూ చూసుకోకుండా నేను నోరు జారాను. మీరు జారకుండా ఉండాలనే ఈ నాలుగు మాటలు.

ఆ ప్రశ్న వచ్చే రోజులు ఎలాంటివి?

మన ఇళ్లలో పేరు గురించిన చర్చ ఎప్పుడు ఊపందుకుంటుంది? బిడ్డ పుట్టాక. పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో బారసాల. ముస్లిం కుటుంబాల్లో చాలామంది ఏడో రోజున అఖీఖా చేస్తారు. ఆలోగా జన్మ నక్షత్రం, మొదటి అక్షరం, తాతల పేర్లు, వాట్సాప్ గ్రూపులో సూచనలు, ఫోన్లు. అంటే పేరు మీద అందరి అభిప్రాయాలూ వచ్చిపడేది సరిగ్గా కాన్పు తర్వాతి మొదటి రెండు మూడు వారాల్లోనే.

వైద్యపరంగా చూస్తే తల్లికి అవి చాలా సున్నితమైన రోజులు. గర్భంతో ఉన్నప్పుడు ఎంతో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు మాయ బయటికి వచ్చాక కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా పడిపోతాయి. కుట్ల నొప్పి ఒకపక్క. సిజేరియన్ అయితే పక్కకు తిరగడమే కష్టం. మూడో రోజు, నాలుగో రోజు పాలు పడి రొమ్ములు బరువెక్కుతాయి. రెండు మూడు గంటలకోసారి బిడ్డకు పాలివ్వాలి కాబట్టి ఏకధాటిగా నాలుగు గంటల నిద్ర కూడా ఉండదు.

ఈ స్థితిలో సగానికి పైగా తల్లులకు ‘బేబీ బ్లూస్’ వస్తాయి. కారణం లేకుండా ఏడుపు, చిరాకు, కాసేపు సంతోషం, అంతలోనే దిగులు. ఇది సాధారణంగా రెండో మూడో రోజున మొదలై, నాలుగైదు రోజులకు బాగా ఎక్కువై, రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఇది జబ్బు కాదు, మందులు అక్కర్లేదు. నిద్ర, తిండి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. నా స్నేహితురాలు నాకు ఫోన్ చేసింది అయిదో రోజున. పరీక్షలో ఎవరైనా అడిగితే ఈ లెక్క నేను తడుముకోకుండా చెప్పేదాన్ని. ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అందరికీ రెండు వారాల్లో తగ్గిపోదు. కొందరిలో అది ప్రసవానంతర కుంగుబాటుగా మారుతుంది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. దాని ప్రకారం కాన్పయిన తల్లుల్లో సుమారు 22 శాతం మందిలో ఈ కుంగుబాటు కనిపించింది. అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ‘పేరు బాగాలేదు’ అన్నంత మాత్రాన ఎవరికీ కుంగుబాటు రాదు. గతంలో కుంగుబాటు ఉండటం, ఇంట్లో ఆసరా లేకపోవడం, డబ్బు ఇబ్బందులు, భర్త వేధింపులు, ముందు గర్భాలు పోవడం, ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో మొహాలు ముడుచుకోవడం లాంటివి అసలు కారణాలు. కానీ అప్పటికే నిండిన కుండలో మన మాట ఒక చెంబు నీళ్లు పోసినట్టవుతుంది. ఆ చెంబు మనది కాకుండా చూసుకోవచ్చు కదా.

పేరు వెనక ఏముందో పైకి కనపడదు

మా వార్డులో ఒకసారి డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ చేరారు. పేరు పెంటమ్మ. కేస్ షీట్ రాస్తున్న కుర్ర డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకొంటున్నారు. ఆమె గమనించారు. ‘‘నవ్వుకోండి నాయనా. మా అమ్మకి నాకు ముందు నలుగురు పుట్టి పోయారు. నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చారంట. అందుకే బతికాను’’ అన్నారు. ఆ తర్వాత అక్కడ ఎవరూ నవ్వలేదు.

తెలుగు నేల మీద పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్య, పిచ్చమ్మ లాంటి పేర్లకు చాలాచోట్ల ఇదే కథ. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాడికి ఎవరికీ అక్కర్లేని పేరు పెడితే మృత్యువు కూడా పట్టించుకోదని తల్లులు నమ్మారు. బిడ్డను పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తరాకు మీదో దొర్లించేవారు. అది మూఢనమ్మకం కదా అంటే అవును. అయితే ఆ కాలం లెక్కలు కూడా చూడాలి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, ఓఆర్ఎస్ రాక ముందు తల్లి చేతిలో ఉన్న ఒకే ఒక్క మందు ఆ పేరు.

ఇప్పుడు పెంటయ్య అని ఎవరూ పెట్టడం లేదు. కానీ పోగొట్టుకున్న దుఃఖం ఇంకా పేర్లలో దాగి ఉంటూనే ఉంది. నిర్ధారణ అయిన ప్రతి వంద గర్భాల్లో సుమారు 10 నుంచి 20 దాకా గర్భస్రావంతో ముగుస్తాయి. మన ఇళ్లలో ఈ విషయం బయటికి చెప్పుకోరు. అంటే మీకు తెలిసిన పది కుటుంబాలు ఉంటే, వాటిలో ఒకటి రెండు ఇళ్లలోనైనా మీకు చెప్పని ఒక నష్టం ఉండే అవకాశం ఎక్కువ. కోటయ్య, నాగేశ్వరరావు, మస్తాన్, సింహాచలం, నూకరాజు... ఇలాంటి పేరు వినగానే ‘పాత పేరు’ అనే ముందు అది మొక్కు కావచ్చని ఒక్క క్షణం ఆగండి. చనిపోయిన తండ్రి పేరులో సగం, తల్లి పేరులో సగం కలిపి పెట్టిన పేరు మన చెవికి అతుకులబొంతలా వినిపించవచ్చు. వాళ్లకు అది తండ్రి గొంతు.

నచ్చకపోవడం వేరు... నష్టం వేరు

అయితే ఏ పేరు గురించీ నోరెత్తకూడదా? అలా అనను. మనకు కలిగే అయిష్టాన్ని రెండు గంపల్లో వేసి చూడండి.

మొదటి గంప రుచికి సంబంధించినది. పేరు మరీ పాతగా ఉంది, మరీ కొత్తగా ఉంది, నోరు తిరగడం లేదు, ప్రతి వీధిలో అదే పేరు, ఆ పేరున్న మనిషితో మనకు గొడవ... ఇవన్నీ మన రుచులే. కాకరకాయ మీకు నచ్చకపోతే పక్కింటివాళ్లు వండుకోవద్దని చెప్పరు కదా. ఈ గంపలో ఉన్నది మనసులోనే ఉంచుకోవాలి.

రెండో గంప నష్టానికి సంబంధించినది. అంటే బిడ్డకు నిజంగా ఇబ్బంది కలిగించేది, తల్లిదండ్రులు గమనించనిది. ఉదాహరణకు:

• ఆ మాటకు మరో భాషలో బూతు అర్థమో, అవమానకర అర్థమో ఉండటం. బెంగళూరులోనో, విదేశంలోనో పెరగబోయే బిడ్డకైతే ఇది పట్టించుకోవాల్సిందే.

• ఇంటిపేరుతో, ఇనిషియల్స్‌తో కలిపి చదివితే వెకిలి మాట కావడం.

• అర్థం తప్పుగా తెలుసుకుని ఉండటం. నెట్‌లో ‘సంస్కృత పదం’ అని రాసినదంతా నిఘంటువులో ఉండదు. చక్కగా వినిపించే మాటకు చెడ్డ అర్థమూ ఉండవచ్చు.

• సంఖ్యాశాస్త్రం కోసం రెండు ఏలు, రెండు హెచ్‌లు చేర్చిన స్పెల్లింగ్. ఆసుపత్రిలో మాకు రోజూ కనిపించే తలనొప్పి ఇది. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా, డిశ్చార్జి కాగితంలో మూడోలా పేరు ఉంటుంది. అత్యవసరంలో వచ్చిన కుటుంబం ఓపీ కౌంటర్‌కూ, జిరాక్సు షాపుకూ మధ్య తిరుగుతుంటుంది.

• పాస్‌పోర్టులో మొత్తం పేరు ఇంటిపేరు గడిలోనే పడి, సొంత పేరు గడి ఖాళీగా ఉండిపోవడం. అలాంటివారికి అమెరికా వీసాలో సొంత పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. అంటే మొదటి పేరు తెలియదు అని. అక్కడున్న మన పిల్లలను అడగండి, ఆ మూడక్షరాలతో ఎన్ని తిప్పలు పడ్డారో చెబుతారు.

ఈ గంపలో ఉన్నది చెప్పడం స్నేహితుల ధర్మం. చెప్పకపోతే రేపు వాళ్లే ‘నీకు తెలిసీ ఎందుకు చెప్పలేదు?’ అంటారు. ‘బడిలో ఏడిపిస్తారు’ అన్న వాదన మాత్రం చాలాసార్లు మన అయిష్టానికి వేసే ముసుగు. నేను వేసిందీ అదే. ఏడిపించాలనుకున్న పిల్లలు ఎంత చక్కటి పేరునైనా వంకర చేయగలరు.

చెప్పాల్సి వస్తే ఎప్పుడు?

అన్నిటికన్నా మంచి సమయం బిడ్డ పుట్టక ముందు. గర్భిణిగా ఉన్నప్పుడు నాలుగైదు పేర్లు అనుకుంటూ ‘వీటిలో ఏది బాగుంది?’ అని అడిగితే నిజాయతీగా చెప్పండి. అప్పుడు అది ఎంపిక మాత్రమే. బిడ్డ మొహం ఇంకా ఆ పేరుతో అతుక్కోలేదు.

పుట్టిన తర్వాత, బారసాలకు ముందు అయితే, నష్టం గంపలో ఉన్నది మాత్రమే చెప్పండి. అదీ వీలైతే తండ్రితోనో, తల్లి కాస్త నిద్రపోయి లేచి తేరుకున్న వేళలోనో. రాత్రి పది దాటాక వద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు.

పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు పిలిచాక అది ఇక చర్చించే పేరు కాదు. అది ఒక మనిషి పేరు. అప్పుడు నచ్చలేదంటే బిడ్డనే నచ్చలేదన్నట్టు వినిపిస్తుంది. స్పెల్లింగ్ లాంటి కాగితాల విషయం ఉంటే మాత్రం నమోదుకు ముందు ఒకసారి గుర్తు చేయవచ్చు.

నిజానికి పేరు విషయంలో చట్టం మనకన్నా ఓపికగా ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని ప్రకారం పుట్టిన 21 రోజుల్లోగా జననాన్ని నమోదు చేయించాలి. ఆసుపత్రి కాన్పులైతే ఆ వివరాలు ఆసుపత్రే పంపుతుంది. కానీ ఆ 21 రోజుల్లో పేరు తప్పనిసరి కాదు. పేరు లేకుండానే జననం నమోదు చేయవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకూ ఆలస్య రుసుముతో చేర్పించే వీలుంది. అయితే ఒకసారి పేరు ఎక్కించాక మార్పించుకోవడం అంత తేలిక కాదు. పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడం మొదలు డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పాస్‌పోర్టు, ఆధార్ వరకూ జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. కాబట్టి ఇంట్లో పేరు మీద గొడవ జరుగుతుంటే మీరు ఇవ్వగలిగిన మంచి సలహా ఒకటుంది. ‘‘తొందరేం లేదు. జననం నమోదయితే చాలు. పేరు రెండు నెలలు ఆగి, నిదానంగా ఆలోచించి ఎక్కించండి.’’ ఈ ఒక్క మాట చాలా ఇళ్లలో బాలింత గుండెల మీద బరువు దించుతుంది.

ఎలా చెప్పాలి?

అబద్ధం చెప్పమని నేను చెప్పడం లేదు. ‘అబ్బా, ఎంత బాగుందో!’ అని నటిస్తే దగ్గరివాళ్లు ఇట్టే పట్టేస్తారు. అబద్ధం చెప్పకుండా, నొప్పించకుండా మాట్లాడటానికి చాలా దారులున్నాయి.

పేరు చెప్పగానే అభిప్రాయం కాకుండా ప్రశ్న ముందు రానివ్వండి. ‘‘ఎవరు అనుకున్నారు ఈ పేరు?’’, ‘‘దీని వెనక ఏదైనా కథ ఉందా?’’, ‘‘ముద్దుగా ఏమని పిలుస్తారు?’’ అని అడగండి. నేను ఆ రాత్రి ‘‘కోటయ్య అనే ఎందుకు అనుకున్నారే?’’ అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, కొండా మొక్కూ అన్నీ ఆమే చెప్పేది.

సూటిగా ‘నిజం చెప్పు, నచ్చిందా?’ అంటే: ‘‘నాకు కొంచెం కొత్తగా ఉంది, నాలుగుసార్లు పిలిస్తే అలవాటైపోతుంది. మీ ఇద్దరికీ నచ్చిందా? అది ముఖ్యం’’ అనవచ్చు. ఇందులో అబద్ధం లేదు. పేర్ల విషయంలో చెవికి అలవాటు కావడమే సగం ఇష్టం. మీ స్నేహితుల పేర్లు ఒకసారి తలచుకోండి. వాటిలో ఎన్ని అందమైనవో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? ఆ మనిషి మీద ఇష్టంతో ఆ పేరు అందమైపోయింది.

నష్టం గంపలోది చెప్పాలంటే: ‘‘ఒక్క విషయం చెప్పనా? ఈ మాటకి కన్నడలో వేరే అర్థం ఉందని విన్నాను. మీరు ఒకసారి కనుక్కోండి. మీకు పర్వాలేదనుకుంటే అదే ఖాయం చేసుకోండి.’’ ఒకసారి చెప్పండి, విడిగా చెప్పండి, అంతటితో వదిలేయండి. రెండోసారి చెబితే సలహా కాస్తా పట్టుదల అవుతుంది. మీ నోటి నుంచి వేరే పేరు సూచించకండి, అడిగితే తప్ప.

అడగాల్సిన అసలు ప్రశ్న: ‘నీకు నచ్చిందా?’

మనకు నచ్చిందా లేదా అన్నదాని చుట్టూ ఇంతసేపు మాట్లాడుకున్నాం. కానీ చాలా ఇళ్లలో ఆ పేరు నచ్చిందా అని తల్లిని అడిగినవాళ్లే ఉండరు. అక్షరం జ్యోతిషుడు చెబుతాడు. పేరు తాతగారిదో నాయనమ్మదో అవుతుంది. పిలిచేది మేనత్త. రాసేది తండ్రి. తొమ్మిది నెలలు మోసిన మనిషి పక్కన పీట మీద కూర్చుని ఉంటుంది.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు మేము కట్టే పట్టీ మీద ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు రాస్తాం. అంటే ప్రతి బిడ్డకూ మొదటి గుర్తు తల్లి పేరే. ఇంటికి వెళ్లాక మాత్రం ఆమె మాట వెనక్కి పోతుంది.

ఒకసారి ఆరు వారాల బాలింతను గుండెదడ, ఆయాసం అని మా ఓపీకి తీసుకొచ్చారు. ఈసీజీ బాగుంది. థైరాయిడ్ బాగుంది. రక్తం కాస్త తక్కువ, అంతే. మాట కలపడానికి ‘‘పాప పేరేంటమ్మా?’’ అని అడిగాను. ఆమె పక్కకు చూసి ‘‘వాళ్లు ఏదో పెట్టారండి’’ అంది. ఆ ‘వాళ్లు’, ఆ ‘ఏదో’ విన్నాక, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోమని చెప్పి తలుపు వేశాను. నెల రోజులుగా రాత్రిళ్లు బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టడం లేదు. బిడ్డను ఎత్తుకోవాలనిపించడం లేదు. తాను లేకపోతే అందరూ సుఖంగా ఉంటారనిపిస్తోంది. మానసిక వైద్యుల దగ్గరికి అదే రోజు పంపాం. చికిత్స మొదలైంది, ఇంట్లోవాళ్లకూ కౌన్సెలింగ్ ఇచ్చారు. మూడు నెలలకు ఆమె కోలుకుంది.

పేరు ఆమె జబ్బుకు కారణం కాదు. జబ్బు కనపడటానికి అది ఒక కిటికీ అయింది. అందుకే చెబుతున్నాను. స్నేహితురాలు బిడ్డ పేరు చెప్పినప్పుడు పేరును కాకుండా చెప్పిన గొంతును వినండి. ‘‘నీకు నచ్చిందా?’’ అని అడగండి. ‘లేదే’ అని ఏడిస్తే, వెంటనే ఆమె తరఫున వాళ్లత్తగారితో యుద్ధానికి దిగకండి. మీరు ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమె. ‘‘నేను ఎవరితోనైనా మాట్లాడాలా, లేక ఊరికే వినమంటావా?’’ అని ఆమెనే అడగండి. ఆ వెంటనే ఇంకో రెండు ప్రశ్నలు: ‘‘నిద్ర పడుతోందా? తింటున్నావా?’’

ఈ లక్షణాలు ఉంటే డాక్టర్‌కు చూపించాలి

• ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోవడం.

• బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోవడం.

• బిడ్డ మీద ఆసక్తి లేకపోవడం, లేదా బిడ్డకు ఏదో అవుతుందని విపరీతమైన భయం.

• ‘నేను మంచి తల్లిని కాను’ అని పదే పదే అనడం. తిండి మానేయడం.

• చనిపోవాలనో, బిడ్డకు హాని చేయాలనో ఆలోచనలు రావడం. ఇది ఉంటే రెండు వారాలు ఆగకండి, అదే రోజు తీసుకెళ్లండి. ఆమెను ఒంటరిగా వదలొద్దు.

• కాన్పయిన మొదటి రోజుల్లో, వారాల్లో అకస్మాత్తుగా నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు, లేని శబ్దాలు వినపడటం, అనవసర అనుమానాలు. ఇది ప్రసవానంతర సైకోసిస్. ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. గాలి సోకిందని తాయెత్తులు కడుతూ కూర్చోకండి. ఇది అత్యవసరం. 108కి ఫోన్ చేయండి.

కుంగుబాటును గుర్తించడానికి ఎడిన్‌బరో స్కేల్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. గడిచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అడిగి, కొద్ది నిమిషాల్లోనే అంచనా వేస్తారు. పాలిస్తూ కూడా వాడుకోగలిగిన మందులు ఉన్నాయి. కాబట్టి పాలు మాన్పించాల్సి వస్తుందన్న భయంతో ఆలస్యం చేయకండి. ఆసుపత్రికి వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇప్పటికే అనేసి ఉంటే?

నాలాగా ఇప్పటికే నోరు జారినవాళ్లూ మీలో ఉంటారు. ఏం చేయాలి? ‘సరదాకన్నాను, అంత సీరియస్‌గా తీసుకున్నావా?’ అనకండి. తప్పు మళ్లీ ఆమె మీదకే తోసినట్టవుతుంది. ‘ఇప్పుడు ఆలోచిస్తే చాలా బాగుంది’ అని ప్లేటు తిప్పినా నమ్మరు. తొందరపడి మాట్లాడానని ఒప్పుకోండి. పేరు వెనక సంగతి వినండి. ఆ రోజు నుంచి బిడ్డను ఆ పేరుతోనే పిలవండి.

వాళ్లమ్మగారి ఫోన్ వచ్చిన మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కాను. పురిటి మంచం పక్కన కూర్చుని, ‘‘రిపోర్టులన్నీ చూశాను గానీ నిన్ను చూడలేదే. క్షమించు’’ అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘వాడు పుట్టాక కూడా పోతాడేమోనని భయంగానే ఉందే. ఆ పేరు పెడితే ఆయనే చూసుకుంటాడని ధైర్యం. నువ్వు నవ్వేసరికి ఆ ధైర్యం కాస్తా పోయింది’’ అంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుంటుంది. నిద్ర గురించి, దిగులు గురించి అడగాల్సినవన్నీ అప్పుడు అడిగాను. మూడో వారానికల్లా ఆమె తేరుకుంది. ఇరవై ఒకటో రోజున బియ్యంలో ‘కోటయ్య’ అనే రాశారు.

వాడిప్పుడు రెండో తరగతి. ఇంట్లో కోటి. బడిలో వాణ్ని ఎవరైనా ఏడిపిస్తారా అని ఈ మధ్య అడిగాను. ‘‘పేరుకి కాదు పెద్దమ్మా, పళ్లూడిపోయినందుకు ఏడిపిస్తున్నారు’’ అన్నాడు, బోసి నోరు చూపిస్తూ. నన్నెవరైనా పేర్ల జాబితా ఇచ్చి ఎంచమంటే కోటయ్యను ఎంచుతానని ఇప్పటికీ చెప్పను. ఆ సంగతి వాళ్లమ్మకూ తెలుసు. మళ్లీ ఎప్పుడూ ఆమె నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.